పరుగు – పథ్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదేండ్ల యుత్సవమున ప్రసంగించుటకు పండితులు పలువురుండగా నావంటి లెక్కల వ్రాతగానికి అవకాశమిచ్చిన కార్యవర్గమునకు కృతజ్ఞుడను. నేను పాఠశాలలో నేర్చినది స్వల్పము. రామాయణమైనను, వైద్యసంహితలైనను నాకు ఈ గ్రంథాలయపు బీరువాలే నేర్పినవి. ఇచ్చట నిలిచి మాటలాడుట నాకు గురువుగారి యింట పాఠము ఒప్పజెప్పినట్లుండును.

నేటి విషయమును ఎన్నుకొనుటకు ఒక కారణము గలదు. లెక్కలు వ్రాయువారికి ఒక నియమమున్నది. పద్దు తప్పు పడినచో దానిని గోకి చెరిపివేయరాదు. తప్పును కనబడునట్లే యుంచి, క్రింద సవరణ వ్రాసి, చేవ్రాలు చేయవలయును. 2022వ సంవత్సరపు వార్షికోత్సవమున ఇదే అరుగుమీద నిలిచి నేనొక తప్పు పద్దు పలికితిని. దాని సవరణ వ్రాయుటకే నేడు వచ్చితిని.

నాడు నేను దూరపు పరుగును గూర్చి మాటలాడితిని. వేకువజామున జమ్మలమడుగు త్రోవలో పరుగిడు మన యూరి యువకులు ముందువరుసలో కూర్చుండిరి. వారిలో కొందఱు సైన్యపు ఎంపికకై 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేయుచుండిరి. వారికి ఉత్సాహము కలిగింపవలెనని మూడు దృష్టాంతములు చెప్పితిని. మొదటిది సుందరకాండలోనిది. సముద్రముమీదుగా పోవుచున్న హనుమంతునకు మైనాకపర్వతము ఎదురుగా లేచి, తన శిఖరమున విశ్రమింపుమని వేడగా, అతడు చేతితో తాకి గౌరవించి ఆగక సాగిపోయెను. రెండవది చెకోస్లొవేకియా దేశీయుడగు ఎమిల్ జాటోపెక్ కథ. 1950లో బ్రస్సెల్సు నగరమున జరిగిన ఐరోపా పోటీలకు ముందు అతడు తిన్న యాహారము విషమించి ఆసుపత్రి పాలయ్యెను. అచ్చటినుండి వెలువడిన కొలది దినములకే 5,000 మీటర్ల పరుగును, 10,000 మీటర్ల పరుగును గెలిచెను. మూడవది ఇథియోపియా దేశీయుడు అబెబె బికిలా కథ. 1964 టోక్యో ఒలింపిక్సునకు ఐదారు వారములు ముందుగా అతనికి అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగెను. అయినను మారథాను పరుగును 2 గంటల 12 నిమిషముల 11 సెకనులలో ముగించి, ఆ పరుగును రెండు ఒలింపిక్సులలో గెలిచిన మొదటివాడాయెను. ఈ మూడు కథలు చెప్పి, రోగము వచ్చినదని ఆగినవాడు గమ్యము చేరడని ముగించితిని. చప్పట్లు మ్రోగినవి. నేనును సంతోషించితిని.

ఆ మాట ఒక యువకుని చెవిలో నిలిచిపోయెను. కొన్ని నెలలకు అతనికి జ్వరము తగిలెను. ఎంపిక దగ్గఱపడుచున్నదని మూడు దినములు జ్వరముతోనే పరుగిడెను. నాల్గవనాడు త్రోవలో పడిపోయెను. పండ్రెండు దినములు ఆసుపత్రిలో నుండెను. ఎంపికదినము ఆ పండ్రెండు దినములలోనే గడచిపోయెను. నేను నాలుగు చీనీపండ్లు తీసికొని చూడబోయితిని. అతడు నిష్ఠురముగా గాక నవ్వుచునే, "మీరే గదా మామా, జొరమొచ్చిందని ఆగొద్దని చెప్పినారు" అనెను. ఆసుపత్రి మెట్లు దిగుట ఆనాడు నాకు కష్టమాయెను. మఱుసటి ఎంపికనాటికి అతనికి వయసు దాటిపోయెను. నేడతడు ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో పనిచేయుచున్నాడు.

అంతటితోనైనను నాకు బుద్ధి రావలసినది. రాలేదు.

నాకు 2019లో చక్కెరవ్యాధి బయటపడినది. కూర్చుండి వ్రాయు వృత్తిలో నుండువారికి అది వింత గాదు. వైద్యుడు నడువుమనెను. నడక కొన్నాళ్లకు పరుగైనది. పరుగు అలవాటైన పిదప మారథాను మీదికి మనసు పోయెను. మారథానునకు నిర్ణయింపబడిన దూరము 42.195 కిలోమీటర్లు. 1908లో లండను ఒలింపిక్సున ఈ దూరము పరుగెత్తించిరి. 1921లో దీనినే ప్రమాణముగా స్థిరపఱచిరి. మనకు తెలిసిన కొలతలో చెప్పవలెనన్న, ప్రొద్దుటూరునుండి జమ్మలమడుగునకు ఇరువది కిలోమీటర్లకు కొంచెము అటునిటు. కాలినడకన పోయి, ఆగక మఱల వచ్చినచో ఇంచుమించు ఒక మారథాను. 2023 ఆగస్టు మాసమున హైదరాబాదులో జరుగు మారథానునకు రుసుము కట్టితిని. కట్టిన సంగతి ఊరివారికందఱికిని చెప్పుకొంటిని. రుసుముకంటె ఈ చెప్పుకొనుటయే తరువాత నాకు బరువైనది.

జూలైలో జ్వరము వచ్చినది. కన్నుల వెనుక నొప్పి, ఒడలెల్ల విఱిచినట్లు బాధ. ఐదవనాటికి జ్వరము దిగినది. నేను బాగుపడితినని తలచి, పోటీకి దినములు లెక్కించుకొని, మఱునాటి వేకువనే త్రోవ పట్టితిని. రెండు కిలోమీటర్లయినను నిండలేదు. కన్నులు చీకట్లు క్రమ్మినవి. మోరీగట్టుమీద కూలబడితిని. పాలక్యానులతో పోవుచున్న ఒక పుణ్యాత్ముడు నన్ను బండిమీద కూర్చుండబెట్టుకొని ఆసుపత్రికి చేర్చెను. పరీక్షలో డెంగీ యని తేలినది.

ఇచ్చట వైద్యులు చెప్పిన ఒక విషయమును మీరందఱును గుర్తుంచుకొనవలయును. డెంగీలో జ్వరము మండుచున్న దినములకంటె జ్వరము దిగిన తరువాతి ఒకటి రెండు దినములే ఎక్కువ ప్రమాదకరములు. రక్తనాళములనుండి ద్రవము బయటికి ఊరుట, రక్తములోని ప్లేట్లెట్లు తగ్గుట ఆ వేళనే ముదురును. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము కనబడినచో క్షణమాలసింపరాదు. అట్టి దినముననే నేను పరుగునకు బయలుదేరితిని. మా పెద్దల కాలమున జబ్బుపడినవారిని బండి కట్టించుకొని, లండన్ మిషనరీ సంఘమువారు నెలకొల్పిన జమ్మలమడుగు కాంబెల్ ఆసుపత్రికి తీసికొనిపోవువారు. వారికి ఆలస్యమైనచో బండి నడక వలన ఆలస్యము. నాకు త్రోవయున్నది, బండియున్నది, గడియలో ఫలితము తెలియు పరీక్షయున్నది. నాకు ఆలస్యమైనది ఒక పోటీతేదీ వలన.

ఆసుపత్రినుండి వచ్చిన పిదప నా కూతురు నన్ను పులివెందులకు తీసికొనిపోయెను. అచ్చట వారికి చీనీతోట గలదు. నా వియ్యపురాలు నా పథ్యమును తన చేతిలోనికి తీసికొనెను. మొదటి రెండు దినములు పలుచని గంజి. తరువాత చిక్కని జావ. ఆ పిమ్మట పెసరకట్టు. ఆ పైన మెత్తని అన్నము. వారము గడచినప్పుడు నాకు కారందోసె మీద మనసు పోయి అడిగితిని. ఆమె యొప్పుకొనలేదు. "ఇప్పుడే వద్దన్నా. ఆరిపోయే పొయ్యిలో పెద్దకట్టె పెడితే అంటుకుంటాదా? పుల్లలేసి ఊదల్ల" అనెను.

ఊరికి తిరిగి వచ్చిన పిదప మన గ్రంథాలయములోని చరకసంహితను తిరుగవేసితిని. దేహశోధనము జరిగినవారికి పేయ, విలేపి, యూషము, తరువాత అన్నము అని చరకుడు క్రమము విధించియున్నాడు. చిన్ననిప్పును గడ్డితోను పిడకతోను మెల్లగా రగుల్చునట్లు జఠరాగ్నిని క్రమముగా పెంచవలయునని చెప్పియున్నాడు. ఆమె చరకుని పేరు వినలేదు. శాస్త్రము ఆమె పొయ్యి దగ్గఱనే యున్నది. ఆ క్రమము అన్నమునకే గాక పరుగునకును చెల్లునని నాకు తోచినది. మొదట మంచము దిగి కూర్చుండుట; తరువాత వాకిటిలో నడక; తరువాత తోటలో నడక; ఆ పైన నాలుగడుగుల పరుగు, పదియడుగుల నడక; చివరకు పరుగు. నడుమ నొక మెట్టు దాటవేసినచో క్రిందికే జారుదుము.

హైదరాబాదులో పరుగు జరిగిన ఆదివారమున నేను చీనీచెట్ల నడుమ ఒక చుట్టు నడిచితిని. అంతకే చెమటపట్టి గట్టుమీద కూర్చుంటిని. ఆనాటి మనసును గూర్చి దాచక చెప్పెదను. రోగబాధకంటె సిగ్గు ఎక్కువ బాధించినది. ఊరిలో ఎవరేమనుకొందురో యను తలపు. నా తోడివారు ముందుకు పోవుచున్నారను అసూయ. ఆరు నెలల సాధన నీటిపాలైనదను దుఃఖము. సాధన చేయువానికి జబ్బు వచ్చినప్పుడు వైద్యుడు చూచునది ఒడలిని. ఈ సిగ్గును ఎవరును చూడరు. మంచము విడువక ముందే మనలను పరుగునకు తఱుమునది ఈ సిగ్గే. దానిని ఒకరితో చెప్పుకొనిన సగము తగ్గును. నేను నా యల్లునితో చెప్పుకొంటిని. అతడు ఏమియు బోధింపక, నన్ను గండి క్షేత్రమునకు తీసికొనిపోయెను. పాపఘ్ని యొడ్డున, శ్రీరాముడు బాణపుమొనతో గీచినదని పెద్దలు చెప్పు ఆంజనేయుని రూపముముందు కూర్చుండి నేను చాలసేపు ఆలోచించితిని.

మైనాకుని కథ చెప్పిన నేను దానికి ముందున్న కథను మఱచితిని. కిష్కింధాకాండ చివర వానరులు సముద్రపుటొడ్డున సభ తీర్చిరి. నూఱు యోజనములు దాటవలయును. ఒకడు తనకు పది యోజనముల శక్తి గలదనెను. మఱియొకడు ఇరువది యనెను. ఎవరును లేని బలమును చెప్పుకొనలేదు. వృద్ధుడగు జాంబవంతుడు తన పూర్వబలము ఇప్పుడు లేదని, తొంబది యోజనములకు మించి పోలేనని నిస్సంకోచముగా పలికెను. యువరాజగు అంగదుడు, నూఱు యోజనములు పోగలను గాని తిరిగి రాగలుగుట సందేహమనెను. అంగదుని ఆ మాటకు ఎవరును నవ్వలేదు. అది పిఱికితనమని కవియు చెప్పలేదు. తన కొలత తాను తెలిసికొనుట వీరుని లక్షణముగనే అచ్చట కనబడుచున్నది. హనుమంతుడు ఆగకుండుట అతని కొలతకు తగినది. జ్వరముతోనున్న కుఱ్ఱవానికి నేను హనుమంతుని కొలతను అంటగట్టితిని. అంగదుని ప్రశ్నను నేర్పవలసియుండెను. పోగలము, తిరిగి రాగలమా?

తక్కిన రెండు కథలను గూడ నేను సగమే చదివి చెప్పితిని. 1952లో హెల్సింకి ఒలింపిక్సున 5,000, 10,000 మీటర్ల పరుగులతోబాటు మారథానును గూడ గెలిచిన జాటోపెక్, 1956 మెల్బోర్ను ఒలింపిక్సునకు ముందు సాధనలో గజ్జలందు హెర్నియా వచ్చి శస్త్రచికిత్స పాలయ్యెను. పూర్తిగా కోలుకొనకమునుపే సాధన మొదలిడి మారథాను పరుగెత్తెను, ఆఱవవాడుగా వచ్చెను. అంతటి వాడును ప్రతిమాఱు ఒడలిని లొంగదీయలేకపోయెను. బికిలా 1968లో మెక్సికో నగరమున కాలిగాయముతో బయలుదేరి, సుమారు పదునేడు కిలోమీటర్ల దగ్గఱ ఆగిపోయెను. ఆ పరుగును అతని దేశీయుడే మామో వోల్డె గెలిచెను. 1969లో కారు ప్రమాదమున బికిలాకు కాళ్లు చచ్చుపడినవి. అయినను 1970లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో వికలాంగుల పోటీలందు విల్లు పట్టెను. 1973లో నలువదియొక్క యేండ్లకే మరణించెను. అతడు మెక్సికోలో ఆగినందులకు అతని దేశము అతనిని చిన్నచూపు చూడలేదు. మనము పతకములను చూచుచున్నాము. వాని వెనుకనున్న ఏండ్ల సాధనను, ప్రక్కనే నిలిచిన వైద్యులను, శిక్షకులను చూచుట లేదు.

ఇక వేకువజామున పరుగిడు మన పిల్లలకు, వారిని కన్నవారికి కొన్ని మాటలు. ఇవి నేను వైద్యులవలన విన్నవి, పుస్తకములలో చదివినవి, అనుభవమున సరిచూచుకొన్నవి.

మొదటిది. వ్యాధి మెడకు పైన ఉన్నదా, క్రింద ఉన్నదా చూచుకొనుడు. జ్వరము లేక, ముక్కుకాఱుట, తుమ్ములు మాత్రమే యున్నచో మెల్లగా నడువవచ్చును. ఱొమ్ములో దగ్గు, ఆయాసము, వాంతులు, విరేచనములు, ఒళ్లునొప్పులు, ఏమాత్రము జ్వరమున్నను పరుగు కూడదు. జ్వరమున గుండె కూర్చున్నచోటనే ఎక్కువగా కొట్టుకొనును. కొన్ని వైరసులు గుండెకండరమును గూడ వాపింపగలవు. అట్టివేళ పరుగిడినచో గుండెలయ తప్పవచ్చును. అరుదుగానైనను ప్రాణము పోవచ్చును.

రెండవది. నిద్ర లేచినంతనే నాడి లెక్కించి పుస్తకములో వ్రాసికొనుడు. నాకు మామూలుగా 66. డెంగీ తగ్గిన చాలనాళ్లవఱకు 84 ఉండెను. అంకె దిగువఱకు నడకతోనే సరిపుచ్చుకొంటిని. ఆ యంకె ముఖస్తుతి యెఱుగదు.

మూడవది. వ్యాయామము సగము బలముతోనే చేయవలయునని సుశ్రుతుడు చెప్పెను. ఆ సగము ఎట్లు తెలియును? ఊపిరి నోటివఱకు వచ్చినప్పుడు సగము బలము వ్యయమైనదని ఆనవాలును చెప్పెను. ప్రక్కవానితో మాటలాడలేనంత వేగము సాధనకు తగదని నేటి శిక్షకులు చెప్పుచున్నదియు ఇదే. శ్వాస, కాస, క్షయ, తలతిరుగుట గలవారు వ్యాయామము మానవలయుననియు సుశ్రుతుడు వ్రాసెను. దగ్గు రెండు వారములు దాటినచో పరుగు మాట తరువాత. ముందు కఫపరీక్ష చేయించుకొనుడు.

నాల్గవది. నొప్పిమాత్ర మ్రింగి పరుగిడకుడు. డెంగీ యనుమానమున్నప్పుడు ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ రక్తస్రావమును పెంచును. ఒడలిలో నీరు తగ్గియున్నప్పుడు అవి మూత్రపిండములకు కీడు చేయును. మన ప్రాంతపు వేసవిలో తెల్లవాఱిన గంటకే ఎండ కాల్చును. ఆ దినములలో దూరము తగ్గించుట ఓటమి గాదు. నీరు త్రాగుడు, అయితే దప్పికను మించి బిందెలు దింపుకొన్నను రక్తములోని ఉప్పు పలుచబడి ప్రమాదము వచ్చును.

ఐదవది. నావలె చక్కెరవ్యాధి గలవారు వైద్యుని అడిగి మందుమోతాదు సరిచేసికొని, జేబులో బెల్లపుముక్క యుంచుకొని, ప్రతిదినము పాదములు పరీక్షించుకొనవలయును.

ఆఱవది తల్లిదండ్రులకు. పరుగున వెనుకబడుచున్న ఆడుబిడ్డను సోమరియనుటకు ముందు రక్తపరీక్ష చేయింపుడు. రక్తహీనత ఎన్నో యిండ్లలో సోమరితనమను పేరుతో తిరుగుచున్నది.

ఇన్ని చెప్పిన నేను వీనిని పాటించితినా యని మీరడుగుట న్యాయము. 2024 ఆగస్టులో హైదరాబాదు పరుగునకు మఱల రుసుము కట్టితిని. పోటీకి నాలుగు దినములముందు ఱొమ్ములో దగ్గు పట్టినది. ఆ రాత్రి సంచి సర్దుటయు, విప్పుటయు రెండుమాఱులు జరిగినది. చివరకు పోలేదు. ఈమాఱు ఆపినవాడు వైద్యుడు గాదు, నేనే. మునుపటి సిగ్గు కలుగలేదు. పది దినములలో దగ్గు తగ్గినది. మెట్లన్నియు మఱల మొదటినుండి ఎక్కితిని.

2025 జనవరిలో, చలి యింకను ఉండగనే, ఒక ఆదివారము తెల్లవాఱుజామున ప్రొద్దుటూరునుండి జమ్మలమడుగు త్రోవ పట్టితిని. బట్టల అంగడిలో పనిచేయు ఆ యువకుడు సంగతి తెలిసి, తాను వచ్చెదనని, నీళ్లసీసాలు సంచిలో వేసికొని సైకిలు మీద ప్రక్కన వచ్చెను. జమ్మలమడుగు చేరినప్పుడు అతడు సైకిలు దిగి, "తిరిగి పోగలవా మామా? నిజం చెప్పు" అని యడిగెను. అంగదుని ప్రశ్న అతని నోట విని నేను నిలిచి, ఊపిరి చూచుకొని, నాడి పట్టి లెక్కించుకొని, పోగలనంటిని. ముప్పదిరెండు కిలోమీటర్లకు పిక్కలు పట్టుకొనినవి. నడిచితిని. మఱల కొంత పరుగిడితిని, మఱల నడిచితిని. తక్కువపడిన దూరమును ప్రొద్దుటూరు వీథులలో తిరిగి పూరించితిని. మొత్తము ఆఱు గంటల పది నిమిషములు పట్టినది. పతకము లేదు, ఫోటో లేదు. అతడు మిగిలిన నీళ్లు నా తలమీద పోసెను.

సోదరులారా, దీనితో నా లెక్క చెల్లిపోయినదని నేను చెప్పుకొనను. అతని ఎంపిక తిరిగి రాదు. నా పద్దు తప్పేయని అందఱియెదుట ఒప్పుకొనుట మాత్రమే నేను చేయగలిగినది. 2022లో నేను చెప్పినదానికి సవరణ యిది: జబ్బు వచ్చినప్పుడు ఆగుటయు సాధనలోనిదే. మెల్లగా తిరిగి మొదలిడుట మఱింత కష్టమైన సాధన. ఇంటికి తిరిగి వచ్చిన దూరమునే మనము పరుగిడిన దూరముగా లెక్కింపవలయును.

చివరిమాట. ఈ యుత్సవమున గ్రంథాలయమునకు పుస్తకములు బహూకరించినవారు చాలమంది యున్నారు. నేను ఒక జ్వరమానినిని, ఒక గీతల పుస్తకమును తెచ్చితిని. పత్రికల బల్ల ప్రక్కన వీనిని ఉంచవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాను. వేకువన పరుగునకు పోవు పిల్లలు ముందుగా ఇచ్చట ఆగి, ఒడలివేడిమి చూచుకొని, నాడి లెక్కించి, పేరెదుట వ్రాసికొని పోవుదురు గాక. తిరిగి వచ్చిన పిదప ఆ పేరెదుటనే మఱియొక గీత గీయుదురు గాక. సాయంకాలమునకు గీత పడని పేరున్నచో, నాటి పత్రిక చదువవచ్చిన పెద్దలు వాని యింటికి పోయి విచారింతురు గాక. పుస్తకములో మొదటి పేరు నాదే వ్రాసి తెచ్చితిని.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి నేటి మన పిల్లలందఱును ఆరోగ్యముతో ఈ యరుగుమీద కూర్చుండవలయునని కోరుచున్నాను.